గట్టు దాకా రాని కోర్టు

“హైకోర్టు జడ్జిగారు ఒక్కసారి మా గట్టు మీదికొచ్చి చూస్తే చాలు ప్లీడరుగారూ, తుమ్మ మొద్దు ఎవరివైపు ఉందో తెలిసిపోద్ది.” రెండు కోర్టుల్లోనూ ఓడిన రైతు ఒకాయన కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి అన్నమాట. రెండో అప్పీలుకని వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి మొద్దు ఒకటి మోసుకొస్తారు.

మొదటి అప్పీలులో ఆ చెట్టు గురించి ఎంతసేపైనా వాదించొచ్చు. రెండో అప్పీలుకు దారిచ్చే సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ దగ్గర ఆ ముచ్చట చెల్లదు. 1976 సవరణతో ముడి ఇంకా బిగిసింది: సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా, అంటే గట్టి న్యాయప్రశ్న, ఒకటుందని హైకోర్టు నమ్మాలి, దాన్ని రాసి పెట్టాలి, వాదన దాని మీదే నడవాలి. వాస్తవాల మీద కింది కోర్టు తప్పు ఎంత ఘోరంగా కనిపించినా రెండో అప్పీలులో దాన్ని ముట్టుకోవడానికి లేదని, బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1890లోనే తేల్చింది. సుప్రీంకోర్టు జడ్జిగా మన కోకా సుబ్బారావుగారైతే పట్టాభిరామస్వామి దేవుడి కేసులో, రెండో అప్పీలును మొదటి అప్పీలులా వింటే వ్యాజ్యం జూదమవుతుందని జడ్జీలనే మందలించారు. కుర్రతనంలో అది నాకు కటువుగా తోచింది. మూడో ఆట మీద ఆశతో రెండెకరాలు తాకట్టు పెట్టిన మనిషిని చూశాక తోచలేదు.

ఫిర్యాదు చివర “అనునది న్యాయప్రశ్న కాదా?” అని తగిలిస్తే అది న్యాయప్రశ్న అయిపోదు. నేనూ చాలాకాలం తగిలించినవాణ్ణే.

ఆ రైతు కట్టను రెండు రాత్రులు తిరగేశాను. రిజిస్టరు కాని ఒక పంపకాల కాగితం మీదే రెండు తీర్పులూ నిలబడ్డాయి. అందులో “పంచుకొని యున్నాము” అని ఉంటే, నోటిమాటగా ముందే జరిగిన పంపకానికి అది జ్ఞాపిక, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. “ఇందుమూలముగా పంచుకొనుచున్నాము” అని ఉంటే ఆ కాగితమే పంపకం చేస్తున్నట్టు. రిజిస్టరు కాకపోతే హక్కుకు రుజువుగా చెల్లదు. ఉన్నది రెండోదే. ఊళ్లో దస్తావేజు రాసినాయన చేతిలో ఒక క్రియాపదం అటూ ఇటూ అయితే పొలం చేతులు మారుతుంది! హక్కు పత్రానికి అర్థం చెప్పడం న్యాయప్రశ్నే కాబట్టి, గ్రౌండ్లన్నీ కొట్టేసి అదొక్కటే ఉంచాను.

ముసాయిదా చదివించుకుని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. “మొద్దు మాటే లేదేంటండీ?”

అప్పీలు అడ్మిట్ అయింది. ఇప్పటికీ వాయిదాకి వచ్చినప్పుడల్లా ఫోన్ తీసి ఆ మొద్దు ఫోటో నాకు చూపిస్తూనే ఉంటాడు.