లారీకెక్కే ఇంద్రసభ

ఘటోత్కచుడు లడ్డూల పళ్ళెం ముందు కూర్చున్నాడు. చెయ్యి కదపలేదు, నోరు తెరిచాడు, అంతే. లడ్డూ తనంతట తనే లేచి నోట్లోకి వెళ్ళింది. నా ముందు వరసలో ఆరేడేళ్ళ పిల్లవాడు "దారం! దారం!" అని కేకపెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రెండో లడ్డూ లేచేసరికి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే.

సురభి నాటక సమాజం వాళ్ళ మాయాబజార్ అది. దారం కనిపించిందని ఆట చెడలేదు. ఆ దారానికి అవతలి కొస ఎవరి చేతిలో ఉందన్నదే నాకు పట్టుకుంది. విరామంలో పక్కకి వెళ్ళి తొంగిచూస్తే, సగం చెరిగిన రంగుతో, తలకి తువ్వాలు చుట్టుకుని ఒకాయన తాళ్ళు సర్దుతున్నాడు. మొదటి రంగంలో రాజు ఆయనే.

రాజు వేషం కట్టే మనిషే తాళ్ళు సర్దడం అన్నిచోట్లా ఉండదు. ఇటలీలో మిలాన్ నగరపు లా స్కాలా ఒపెరాకి పాత అన్సాల్దో కర్మాగారంలో పెద్ద వర్క్‌షాపు ఉంది. 2001 నుంచి సుమారు 20,000 చదరపు మీటర్ల జాగాలో వడ్రంగులు, శిల్పులు, చిత్రకారులు, దర్జీలు ఎవరి చోట వాళ్ళు పనిచేస్తారు. అక్కడ దాచిన దుస్తులే 60,000 పైచిలుకు. సురభికి అలాంటి భవనం లేదు. కుటుంబమే వర్క్‌షాపు. పద్యం పాడే గొంతుదీ, మేకు కొట్టే చేతిదీ ఒకటే ఇల్లు.

వీళ్ళ పూర్వులు తోలుబొమ్మలాడించినవాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం బొమ్మల్ని పక్కనపెట్టి, తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడింది. ఊరి పేరే నాటకానికి పేరైంది. బొమ్మలాటలో మనిషి తెర వెనక, బొమ్మ వెలుగులో. ఇప్పుడు వెలుగులోకి మనిషే వచ్చాడు, కానీ చాటున ఉండి ఆడించే పని మాత్రం పోలేదు. సురభి ట్రిక్ సీన్లు చూస్తే నాకు ఆ పాత చేతులే గుర్తొస్తాయి.

ఇక తెరలు. బొంబాయి పార్సీ నాటకాల వాళ్ళు, ధార్వాడ కంపెనీల వాళ్ళు మన ఊళ్ళకి మోసుకొచ్చిన రంగుల పరదాల సంప్రదాయం ఇది. ముతక నూలుగుడ్డకి ముందు జిగురునీళ్ళు పట్టించి ఆరబెట్టాలి, లేకపోతే రంగు గుడ్డలోకి ఇంకిపోతుంది. తర్వాత పొడిరంగుల్ని జిగురునీళ్ళలో కలిపి పూస్తారు. నూనెరంగు వేస్తే దీపం పడ్డచోటల్లా మెరుస్తుంది, చుట్టినచోటల్లా బీటలిస్తుంది. జిగురు పాళ్ళలోనే ఉంది పనితనమంతా. తగ్గితే రంగు చేతికంటుతుంది, ఎక్కువైతే పెళుసెక్కి రాలుతుంది.

దర్బారు తెర మీద స్తంభాలు ముందు లావుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా ఉంటాయి. నేల మీద గళ్ళు కూడా అలాగే ఇరుకవుతూ పోతాయి. పాతిక అడుగుల వేదిక వంద గజాల సభలా కనిపించేది అందుకే. ఇందులో ఒక చిక్కుంది. నటుడు తెర దగ్గరికి మరీ వెళితే స్తంభం కంటే పొడుగైపోతాడు, సభ కాస్తా గుడ్డగా మారిపోతుంది. కాబట్టి సింహాసనం తెరకి నాలుగడుగులు ఇవతలే ఉండాలి. చిత్రకారుడు గీసిన గీత నటుడి నడకని కూడా శాసిస్తుందన్నమాట.

గాల్లో ఎగరడం ఇంకో విద్య. దుస్తుల లోపల నడుముకీ భుజాలకీ పట్టీలు, వాటికి సన్నటి ఇనప తీగ, పైన కప్పీ, పక్కన లాగే మనుషులు. తీగ తళుక్కుమంటే పని చెడ్డట్టే. అందుకని నల్లరంగు పూసి, వెనక ముదురు రంగు తెర దింపుతారు. బాణాల యుద్ధానికి రెండు వైపుల నుంచీ బాణాలు తీగ వెంట జారి, నడిమధ్యలో ఢీకొని నిప్పురవ్వలు రాల్చాలి. ఒక్క క్షణం తేడా వస్తే అర్జునుడి అస్త్రం ఒంటరిగా అవతలి పక్కకి పోతుంది. లాగేవాడికి నటుడి బరువు తెలిస్తే చాలదు, పద్యం కూడా నోటికి రావాలి. ఏ పాదం దగ్గర లేపాలో చెప్పేది పద్యమే. కప్పీ కిర్రుమంటే హార్మోనియం గొంతు పెంచుతుంది.

వేషాల సంగతి చెప్పాలంటే, చూడటానికి బరువుగా, మోయడానికి తేలిగ్గా ఉండాలి. కూచిపూడి వాళ్ళు బూరుగు కర్రతో నగలు చేయించుకున్నదీ ఇందుకే. కిరీటానికి అట్ట, పాత కాగితాలు, మైదా ఉడికించిన లై, పైన కాకిబంగారం, అద్దంబిళ్ళలు. దగ్గర్నించి చూస్తే పిల్లలాటలా ఉంటుంది, ఇరవై అడుగుల దూరంలో దేవేంద్ర వైభవం. దాన్ని దగ్గరగా చూసి నవ్వేవాళ్ళకి కొలత తెలియదంటాను నేను. మఖమల్ అంగరఖాని ఉతకలేం, ఎండలో ఆరెయ్యాలి. చెమట పీల్చే లోపలి అస్తరు మాత్రం విప్పి ఉతికేలా విడిగా కుడతారు. కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతారు. నాటక కుటుంబంలో బాలకృష్ణుడి వేషం పిల్లవాడితోపాటు పెరగాలి కదా. గుండీల చోట నాడాలు, హుక్కులు. చీకట్లో, పరుగులో మార్చుకోవడానికి అవే వీలు.

ఇన్ని హంగులకీ షరతు ఒక్కటే: విప్పాలి, మడవాలి, చుట్టాలి, లారీలో పట్టాలి. ఊరూరా తిరిగే నాటకానికి ఇదే వాస్తుశాస్త్రం. విరిగితే ఉన్న ఊళ్ళోనే బాగుచేసుకోవాలి కాబట్టి వెదురు, తాడు, గుడ్డ, తీగ తప్ప వేరేవి పెద్దగా పెట్టుకోలేదు.

ఇప్పుడు చాలాచోట్ల పరదాల స్థానంలో ఫ్లెక్సీలు, ఎల్ఈడీ తెరలు వస్తున్నాయి. చవక, సులువు, కాదనను. కానీ ఫ్లెక్సీ దీపాల కింద నిగనిగలాడుతుంది, మడత పడితే ఆ మడత రాజ్యమంతా కనిపిస్తుంది. ఎల్ఈడీ తెర తానే వెలుగు కాబట్టి ముందున్న నటుడి మొహాన్ని మింగేస్తుంది. గుర్తింపు మాటకొస్తే, సురభి నటుడు రేకందార్ నాగేశ్వరరావు బాబ్జీకి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. మంచిదే. అయితే పరదా రాసే చేతికి, కప్పీ పట్టే చేతికి బిరుదులెక్కడివి?

ఆ రాత్రి ఆట అయ్యాక కాసేపు ఆగాను. ఘటోత్కచుడు మీసం ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. పళ్ళెంలో మిగిలిన లడ్డూలు పిల్లలు పంచుకున్నారు. వెనక నలుగురు పట్టుకుని ద్వారకానగరాన్ని వెదురుబొంగుకి చుడుతున్నారు. "వంకర పోతోంది, మళ్ళీ విప్పండి" అంది ఒక పెద్దావిడ. నిద్రమొహాలతోనే మళ్ళీ విప్పారు.