ఎక్కడ ఆపాలో తెలిసినోళ్లు

మూసీ కాలువ కింద మా కేతేపల్లి పొలాల్లో నాట్లు పడేటప్పుడు పాట ఒక్కరిదే కాదు. ముందు ఎత్తుకున్నామె సగంలో ఆపుతుంది. మిగతావాళ్లు వంగిన నడుముతోనే అందుకుంటారు. ఆ కాస్త సందులో ఆమె ఊపిరి పీల్చుకుని, ఇంకో నారుకట్ట విప్పుకుంటుంది. వేదికెక్కే గాయకుడి విద్యంతా ఆ ఆపడంలోనే ఉందనిపిస్తుంది నాకు.

1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో ఫ్రెడ్డీ మెర్క్యురీ చేసిందీ అదే. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ పిల్లగాడు, మన పక్కనున్న మహారాష్ట్రలో, పంచగని బడిలో చదివాడు. 1964లో కుటుంబంతో ఇంగ్లండ్ చేరాడు. అతను పాడే క్వీన్ బృందానికి వెంబ్లీలో ఆ రోజు దక్కింది ఇరవై నిమిషాలు. ఎదురుగా డెబ్బై వేలకు పైగా జనం, అందరూ వాళ్ల కోసమే వచ్చినోళ్లు కాదు. మధ్యలో మాటల్లేని రాగం ఒకటి తీసి ఆగాడు. స్టేడియం తిరిగి పలికింది. ఈసారి మెలిక పెట్టాడు, అదీ పలికింది. మాటే లేనప్పుడు నేర్చుకోవడానికేముంది?

గద్దర్‌ది ఇంకో దారి. కెనరా బ్యాంకు కొలువు వదిలి, గోచీ కట్టి, గొంగడి భుజాన వేసుకున్న మనిషి. 1990లో అజ్ఞాతం వీడి నిజాం కాలేజీ మైదానంలో ఆడిపాడితే జనం పోటెత్తారు. ఆయన పాడిన జననాట్యమండలి బాణీలు పల్లెల్లోంచి తీసుకున్నవే. మాటలు కొత్తవైనా వరుస ఎరిగిందే గనుక, గద్దర్ ఆగేసరికి జనం గొంతు సిద్ధంగా ఉండేది. ఈ కిటుకు ఆయనకన్నా చాలా ముందే మా ఉమ్మడి నల్లగొండలో సుద్దాల హనుమంతుకు తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని గొల్లసుద్దుల్లోకి దించాడాయన. ఆ పని గురించి రాయాల్సినంత ఎవరూ రాయలేదు.

ఇప్పుడు జాతరలో గాయకుడు మైకు జనం వైపు తిప్పి ‘గట్టిగా!’ అంటాడు. జనం ఫోన్లెత్తి నిలబడతారు. తప్పు వాళ్లది కాదు, వెనక మోగే రికార్డు ట్రాక్ ఆగదు మరి. అదే డప్పు అయితే, కొట్టే మనిషి గాయకుడి కాలు చూస్తుంటాడు. జనం అందుకునేదాకా అదే దరువు తిప్పి తిప్పి కొడతాడు. ఈసారి మా జాతరకు డీజే వద్దు, డప్పులు పెడదామని కమిటీవాళ్లతో వాదిస్తున్నా. పెద్దోళ్లు సరేనన్నారు. పోరగాళ్లు మాత్రం బేస్ చాలదంటున్నారు.