త్రిసత్రముల దాకా వచ్చినవాళ్లు

మా సంఘంలో ఆదివారం సాక్ష్యాల సమయంలో ప్రయాణాల మాట రాకుండా ఉండదు. ఫలానా ఊరు వెళ్లాం, దేవుడు క్షేమంగా తీసుకెళ్లి క్షేమంగా తీసుకొచ్చాడు, స్తోత్రం. నేనూ ఎన్నోసార్లు అలాగే చెప్పి కూర్చున్నాను. బండి ఆగిపోయిన ప్రయాణాన్ని సాక్ష్యంగా ఎలా చెప్పాలో మాత్రం తెలియదు.

మెదక్ చర్చి చూడాలన్నది అమ్మ కోరిక. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన గుడి, నూరేళ్లు నిండేలోగా వెళ్దాం అనేది. నూరేళ్లు నిండేసరికి అమ్మ లేదు. ఆమె పోయాక నాన్న కుటుంబ ప్రార్థనకు వచ్చి కూర్చునేవారు గానీ చివర ఆమేన్ అనడం మానేశారు. ఎందుకని మేమూ అడగలేదు. 2025 జనవరిలో ఆయన్ను తీసుకుని గుంటూరు నుంచి కార్లో బయల్దేరాం. మేం బండి చుట్టూ నిలబడి ప్రార్థన చేసుకుంటుంటే నాన్న లోపల సీట్లో కూర్చుని ఎటో చూస్తూ ఉన్నారు.

హైదరాబాద్ దాటి నర్సాపూర్ అడవిలోకి వచ్చాక టెంపరేచర్ ముల్లు పైకి పాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. రేడియేటర్ పైపు క్లిప్పు దగ్గర చీలిపోయింది. ఇంజిన్ చల్లారేదాకా మూత తీయకూడదు. తీసినా పోయడానికి మా దగ్గర ఉన్నవి రెండు సీసాల తాగేనీళ్లు. పొద్దు వాలుతోంది. కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి.

ఆగింది ఒక టీవీఎస్ బండి. దాని మీద పెద్ద వయసు భార్యాభర్తలు. ఆయన పైపు చూసి, "మెకానిక్‌ను తోల్కొస్త, మీరు ఫికర్ జేయకుండ్రి" అని, ఆమెను మా దగ్గర దింపి నర్సాపూర్ వైపు తిరిగిపోయాడు. ఆమె డాష్‌బోర్డు మీద బైబిల్ చూసి వందనాలు చెప్పింది. కొంగుముడి విప్పి రేగుపండ్లు పిల్లల చేతుల్లో పోసింది. మెదక్ వెళ్తున్నామంటే మొహం విప్పారింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర కరువు రోజుల్లో పని పెట్టి తిండిగింజలిచ్చి కట్టించిన గుడి కదా, వాళ్ల తాత దానికి రాళ్లు మోశాడట. ఆ మాట చెబుతూనే నాన్న వైపు తిరిగి చాలా మామూలుగా అడిగింది:

"వదినె రాలేదా, అన్నా?"

మాకెవరికీ ఊపిరాడలేదు. నాన్న కాసేపటికి, "పోయిందమ్మా" అన్నారు. ఆ మాట ఆయన నోట మేం వినడం అదే మొదలు.

ఆమె కారు తలుపు దగ్గర, రోడ్డు పక్క మట్టిలోనే కూర్చుంది. వాళ్ల పెద్దకొడుకు ఎనిమిదేళ్ల కింద ఇదే తొవ్వలో, రాత్రిపూట బండి మీంచి పడి పోయాడని చెప్పింది. "ఎవలన్న ఆగి ఉంటే బతుకుతుండె. గందుకే ఏ బండి ఆగినా మేం ఆగుతం." తర్వాత నాన్న చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. నాలుగు మాటలే. కారు బాగుపడాలని అడగను కూడా లేదు. చివర నాన్న ఆమేన్ అన్నారు, గొంతు పెగలక, ఆమె తర్వాత క్షణానికి.

మెకానిక్ వచ్చి చీలినంత మేర పైపు కోసేసి, మిగిలినదాన్ని లాగి క్లిప్పు బిగించి నీళ్లు పోశాడు. పావుగంట పని.

ఆ రాత్రి మెదక్‌లో నిద్ర పట్టక అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయం తీశాను. 276 మందితో ఓడ పగిలి, మెలితే ద్వీపంలో మూడు నెలలు గడిపి, పొతియొలీలో దిగి పౌలు ఖైదీగా రోముకు నడుస్తున్నాడు. అక్కడి సహోదరులు కబురు విని కొందరు అప్పీయా సంతపేట దాకా, కొందరు త్రిసత్రముల దాకా ఎదురొచ్చారు. సంతపేట రోముకు 60 కిలోమీటర్ల పైనే. తుపానులో దేవదూత పక్కన నిలబడి మాట్లాడిన మనిషి పౌలు. అయినా ఆయన ధైర్యం తెచ్చుకున్నది ఈ దుమ్ముకొట్టుకున్న కాళ్లవాళ్లను చూశాక అని లూకా రాశాడు. ఇన్నేళ్లూ ఆ వచనాన్ని ఊళ్ల పేర్ల జాబితాలా దాటేశాను. ఊళ్ల పేర్లలోనే ఉంది అంతా, వాళ్లు ఎంతదూరం వచ్చారన్నది.

మాకు ఎవరో అనుకోకుండా ఎదురయ్యారని మేం చెప్పుకుంటాం. ఆమె వైపు నుంచి చూస్తే అందులో అనుకోనిదేం లేదు. ఎనిమిదేళ్లుగా ఆ తొవ్వలో ఆగుతూనే ఉంది.

పొద్దున్నే గుడిలో మూడు అద్దాల కిటికీలూ చూశాం: జననం, సిలువ, ఆరోహణం. బయట ఎండ వస్తేనే ఆ రంగులు లోపలికి దిగుతాయి. నాన్న సిలువ కిటికీ ఎదుట చాలాసేపు కూర్చున్నారు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేవబోతుంటే నాన్న నా భుజం మీద చెయ్యి వేసి తనే లేచారు. గుడి సంగతి గానీ, కిటికీల సంగతి గానీ, కారు సంగతి గానీ చెప్పలేదు.

"దారిలో ఒక చెల్లెమ్మ మా ఆవిడ గురించి అడిగింది. చెప్పాను" అని కూర్చున్నారు.