చిన్న దీపావళి నాడే నడవాలి

ఢిల్లీ జనక్‌పురిలో దీపాలు చూడాలంటే దీపావళి రాత్రి కాదు, ముందురోజు సాయంత్రం బయల్దేరాలి. మనకు నరక చతుర్దశి, ఇక్కడివాళ్లకు ఛోటీ దివాలీ. పండగనాడు ఎనిమిది దాటితే టపాసుల పొగ కమ్మేస్తుంది, గొంతు మండుతుంది, వీధి చివరి మేడ కూడా సరిగ్గా కనబడదు. ముందురోజైతే చీకటి పడగానే తీరిగ్గా తిరగొచ్చు.

కారు వద్దు. బ్లాకుల మధ్య సందుల్లో రెండువైపులా బళ్లు నిలిపి ఉంటాయి, పైగా కారులోంచి కనబడేవి రంగులే. ఒకప్పటి చిన్న ఇళ్ల చోట ఇప్పుడు కింద పార్కింగ్, పైన నాలుగంతస్తులు లేచాయి. అంతస్తుకో యజమాని. అందుకే ఒకే మేడలో ఒక అంతస్తు పసుపు, దాని మీద నీలం, ఆపైన ఎరుపు. నాలుగిళ్లవాళ్లూ కూడబలుక్కుని ఒకే రంగు వేసుకున్న మేడ కనబడితే మాత్రం నేను ఆగిపోతాను. ఆ ఇళ్లవాళ్లు ఏడాది పొడవునా మాట్లాడుకుంటూనే ఉంటారనిపిస్తుంది.

లైట్ల తోరణాన్ని ఇక్కడ లడీ అంటారు. వాటికి పెద్ద బజారు చాందినీ చౌక్‌లోని భగీరథ్ ప్యాలెస్. మా చిన్నప్పటి సీరియల్ సెట్లలో ఆరు వోల్టుల బల్బులు నలభై దాకా వరసగా కలిపితే 230 వోల్టుల కరెంటును పంచుకునేవి. ఒకటి మాడితే అన్నీ ఆరిపోయేవి. ఎల్‌ఈడీలు వచ్చాక కరెంటు ఖర్చు తగ్గి, మేడ మొత్తం కప్పేయడం సులువైంది.

నా మనసు మాత్రం ప్రమిదల దగ్గరే. అవి చేసే కుమ్మరుల కాలనీ పక్కనే ఉత్తమ్‌నగర్‌లో ఉంది. ఛోటీ దివాలీ రాత్రి చాలా ఇళ్లలో యముడి పేర ఒక దీపం పెడతారు. మన యమదీపం లాంటిదే. కొత్త ప్రమిద వాడరు, నిరుడు వెలిగించిన పాతదే తీస్తారు. ఒక ఇంటి ముందు చూశాను: పెద్దావిడ అందులో ఆవనూనె పోసి, లావుపాటి వత్తి వేసి, గేటు బయట కాలువ గట్టున పెట్టింది. మనవణ్ణి పిలిచి దక్షిణం ఎటో ఫోన్‌లో చూపించమంది. వత్తి కొస అటు తిప్పాకే అగ్గిపుల్ల గీసింది. ఆ మేడంతా వెలుగుతున్న లడీల కంటే ఇంటివాళ్లు క్షేమంగా ఉండాలని పెట్టిన ఆ ఒక్క దీపమే నాకు గొప్పది. నడిచి వెళ్లకపోతే అది కంటపడదు.

చిన్న దీపావళి దాటిపోతే మరో అవకాశం ఉంది. పదిహేను రోజులకు కార్తీక పౌర్ణమి, అదే గురునానక్ జయంతి. పక్కనున్న తిలక్‌నగర్‌లో సిక్కు కుటుంబాలు చాలా ఎక్కువ. అటు గురుద్వారాలు మళ్లీ ధగధగలాడతాయి, కొన్ని ఇళ్లలో లడీలు అప్పటిదాకా విప్పరు కూడా. మా ఇంట్లో ఆ సాయంత్రం 365 వత్తులు వెలిగించి, పిల్లల్ని వెంటబెట్టుకుని అటు నడుస్తాం.