ఆడిట్ పాసైతే చాలా?

అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్ 2013 సెప్టెంబర్‌లో కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ పరీక్ష నెగ్గింది. ఆ ఏడాది పండుగ అమ్మకాల వేళకే దొంగలు దాని బిల్లింగ్ యంత్రాల్లో చేరి 4 కోట్ల కార్డుల వివరాలు ఎత్తుకుపోయారు. ఏసీ పనులు చూసే కాంట్రాక్టరు నుంచి కాజేసిన పాస్‌వర్డే వాళ్లకు తలుపు తీసింది. టార్గెట్ కొనిపెట్టుకున్న నిఘా సాఫ్ట్‌వేర్ హెచ్చరించింది కూడా, పట్టించుకున్నవారు లేరు. సాఫ్ట్‌వేర్ ఉందని సర్టిఫికెట్ చెబుతుంది గానీ, అది మోగితే ఎవరు లేస్తారో, సర్వర్‌ను ఆపే అధికారం ఎవరికుందో చెప్పదు. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, దాడి జరిగితే తనకు తెలపాలంటూ 2022లో పెట్టిన 6 గంటల గడువూ అంతే: దాడిని గమనించాకే ఆ గడియారం తిరుగుతుంది. గమనించనివాడికి గడువుతో పనేముంది?

అలాగని నిబంధనలు దండగ అనలేం. 2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ బ్యాంకులో సైబర్ దాడి వల్ల 12 కోట్ల రూపాయలకు పైగా మాయమయ్యాయి. సైబర్ భద్రతా నిబంధనలు పాటించలేదని రిజర్వు బ్యాంకు మరుసటి ఏడాది దానికి 65 లక్షల జరిమానా వేసింది. కనీస జాగ్రత్తలు కూడా లేనిచోట నిబంధనే దిక్కు. కానీ అది పునాది మాత్రమే. పునాది పోసి గృహప్రవేశం చేయం కదా. దాని పైన కట్టాల్సింది, దాడి జరిగాక కోలుకునే సన్నాహం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ దాడికి డెన్మార్క్ నౌకా సంస్థ మేర్స్క్ నెట్‌వర్క్ కుప్పకూలింది. లాగిన్లను నడిపే సర్వర్లన్నీ తుడిచిపెట్టుకుపోగా, ఘనాలో ఒక్కటి మిగిలింది, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోవడం వల్ల! పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ నిలబెట్టారంటే సిబ్బంది గొప్పే. కానీ కరెంటు కోత భద్రతా ప్రణాళిక కాదు.

ఇలాంటి సన్నాహం పెద్ద సంస్థలకేగానీ చిన్నవాళ్లకు ఖర్చెక్కడిదంటారు. నెలకో శనివారం మధ్యాహ్నం, నెట్‌వర్క్‌తో సంబంధం లేని పాత కంప్యూటర్ మీద బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి, జీతాల ఫైలు తెరుచుకుంటుందో లేదో చూడటానికి ఎంత ఖర్చు? బ్యాకప్ పాస్‌వర్డ్‌ను బ్యాకప్ తీసిన సర్వర్‌లోనే దాచారని, మూడు గంటల పని అనుకున్నది మూడు రోజులు పడుతుందని తెలిసేది అప్పుడే. ఈత పుస్తకం చదివితే వచ్చేది కాదు, కోలుకోవడమూ అంతే. మీ సంస్థలో బ్యాకప్‌ను ఆఖరిసారి ఎప్పుడు ఎక్కించి చూశారు? తేదీ గుర్తురాకపోతే, ఈ శనివారమే ఆ పని పెట్టుకోండి.