ఇత్తడి స్మారకఫలకములు - ప్రతిబింబప్రామాణ్యము

ఇంగ్లాండునందలి ప్రాచీన క్రైస్తవాలయములలో, నేలపైఁ బఱచిన శిలలయందుఁ బొదిగిన యిత్తడి ఫలకములు వేలకొలఁది గలవు. 13వ శతాబ్దము మొదలు మృతుల రూపములను, నామములను వీనిపైఁ జెక్కించుట యాచారమయ్యెను. ఫలకముపైఁ గాగితము పఱచి, చెప్పులు కుట్టువారు వాడెడు నల్లని మైనపుముద్దతో రుద్దినచో, చెక్కిన గీఁతలు తెల్లగను, తక్కిన లోహతలము నల్లగను దేలును. మన శాసనపరిశోధకులు తడికాగితముతోఁ దీయు నచ్చునకును దీనికిని న్యాయ మొక్కటియే; సాధనములు మాత్రము వేఱు.

ఇట్టి ప్రతిబింబము మూలముతో సమానమగు ప్రమాణ మగునా యనునది విచార్యము.

అగునని కొందఱందురు. చూచి వ్రాసిన ప్రతిలో లేఖకుని బుద్ధి చొచ్చును; రుద్ది తీసిన ప్రతిలో నట్లు గాదు. రుద్దినవాఁడు నిరక్షరుఁడైనను అక్షరము మాఱదు. ఈ వాదము కొంతవఱకు సత్యమే. కాని సర్రీ మండలమునందలి స్టోక్ డాబర్నన్ గ్రామమున సర్ జాన్ డాబర్నన్ అను యోధుని ఫలకము గలదు. అతని డాలుపై నీలవర్ణపు మీనాపని నేఁటికిని గానవచ్చును. ప్రతిబింబమున నా నీలము నల్లనగుచున్నది. మఱియు 16వ శతాబ్దమున మఠములు కూలినపుడు, పాతఫలకములను గొనిపోయి, త్రిప్పి, వెనుకవైపునఁ గ్రొత్తవారి రూపములను జెక్కిరి. ముందువైపు ప్రతిబింబ మా పూర్వకథను జెప్పఁజాలదు.

అంతమాత్రమున దీనిని ద్రోసివేయరాదు. 18వ శతాబ్దము చివర క్రేవెన్ ఆర్డ్ అనునతఁడు ఫలకములకు సిరాపూసి, తడికాగితమద్ది యచ్చులు దీసెను. అందలి యక్షరములు తలక్రిందులు గాక, కుడియెడమలు తాఱుమాఱైనవి. అయినను, పిమ్మట నశించిన ఫలకములకు నవియే సాక్షులు. బింబము లేనిచోటఁ బ్రతిబింబమే శరణ్యము.

వేఱొక యుపకారమును గలదు. దూరదూరముల నున్న ఫలకముల నొకచోటికిఁ దేరాదు. వాని ప్రతిబింబముల నొకే బల్లపైఁ బఱచి పోల్పవచ్చును. డాబర్నను ఫలకముపైని ఫ్రెంచిలేఖమునందుఁ గాలము చెప్పఁబడలేదు. 1277 నాఁటిదని, ఇంగ్లాండున నన్నిఁటికంటెఁ బురాతనమని చిరకాలము దీని నెన్నిరి. చెక్కడపుఁదీరును, అక్షరరూపములను దక్కిన ఫలకములతోఁ బోల్చిన యాధునికవిద్వాంసు లిది తండ్రిది గాదనియు, 1327లో మృతుఁడైన కుమారునిదనియుఁ దలంచుచున్నారు. నామమొక్కటియే యగుటచే నేఁబదియేండ్ల భ్రమ గలిగినది.

కావున రేఖకును, అక్షరమునకును బ్రతిబింబము ప్రమాణము. వర్ణమునకును, లోహమునకును, వెనుకవైపునకును గాదు. మన శాసనములను అచ్చులనుబట్టియే పరిష్కరించువారికిని నీ నియమమే వర్తించును. అచ్చులోఁ జుక్కగాఁ దోఁచినది శిలపైఁ బెచ్చు గావచ్చును. శిలను జూడక సున్న నుంచుటయుఁ దీయుటయు సాహసము.