ఎర్ర పెన్ను ఎవరి చేతిలో ఉండాలి?

బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే పిల్లలకు లెక్కలూ సైన్సూ ఎలా వస్తాయని చుట్టాలు బెంగపడుతుంటారు. మా ఇంట్లో తంటా పెట్టింది తెలుగు. అమ్మాయికి పద్నాలుగేళ్లు నిండాయి. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో, పదో తరగతికి చేరే వయసు. అక్కడ రాసే సబ్జెక్టుల్లో ఒక భాషైనా ఉండాలి. తను తెలుగు తీసుకుంది. గలగలా మాట్లాడుతుంది, కథల పుస్తకం చేతికిస్తే కింద పెట్టదు. రాయమంటేనే చిక్కు.

షాపులో ఇలాంటి పిల్లలకు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. అ, ఆలతో మొదలయ్యే బాలశిక్షలు ఒకటి. మీసాలు మొలిచే వయసు పిల్లాడికైనా, మా అమ్మాయికైనా అవి ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. రెండోది పోటీ పరీక్షల వ్యాకరణాలు. సవర్ణదీర్ఘ సంధి సూత్రం అప్పజెప్పేవాళ్లు కూడా ‘గణితం’ని ‘గనితం’ అని రాయగలరు.

అందుకని పుస్తకం కొనకముందే తను రాసిన పేజీలు ముందేసుకుని కూర్చున్నాం. తప్పులన్నీ ఒకే చోట నుంచి వచ్చినవి కావు కానీ గుంపులు తెలిసిపోయాయి: న, ణ, ల, ళ, ద, ధ, థ. కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. స్నేహితులతో వాట్సాప్‌లో రాసుకునే తెలుగంతా ఇంగ్లిషు అక్షరాల్లోనే. అక్కడ లకూ ళకూ ఒకటే అక్షరం, నకూ ణకూ ఒకటే. రోజంతా తేడా లేకుండా రాసే చేతికి పరీక్ష పేపరు మీద హఠాత్తుగా తేడా ఎలా గుర్తొస్తుంది?

మందు ఉక్తలేఖనమే అని పెద్దవాళ్లు అన్నారు. సగం నిజం. ళ, ణ స్పష్టంగా పలికే మనిషి చదివితే చెవి పట్టుకుంటుంది. కానీ థనీ ధనీ మనలో చాలామంది ఒకేలా పలుకుతాం. అక్కడ చెవి చాలదు, చుట్టరికం తెలియాలి. అందుకే ఒక నోటుపుస్తకంలో మాటల్ని కుటుంబాలుగా రాసుకోమన్నాను. అర్థం, పదార్థం, స్వార్థం, ప్రార్థన, విద్యార్థి, అభ్యర్థి ఒక ఇంటివి, అన్నింటికీ థ. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధశతకం సగానికి సంబంధించినవి, అన్నింటికీ ధ. ఒక్కో మాటనూ విడిగా బట్టీ పెట్టే కంటే ఇంటిపేరు తెలుసుకోవడం తేలిక.

ఇంట్లో చదివే పిల్లలకు పుస్తకం ఎంచేటప్పుడు నేనిప్పుడు చూసేది ఒక్కటే: నేను పక్కన లేకపోయినా తన తప్పు తనకు దొరుకుతుందా? ఎన్‌ఐఓఎస్ పుస్తకాలు ఈ పని కొంత చేస్తాయి. పాఠం మధ్యలోనే ప్రశ్నలు వస్తాయి, వాటి జవాబులు పాఠం చివర ఉంటాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అయితే అవి పాఠం అర్థమైందో లేదో చెబుతాయి, రాత సంగతి కాదు.

రాతకు ఫోనే పంతులైంది. వాళ్ల తాతయ్య ఒక పేరా తాపీగా చదివి రికార్డు చేస్తారు. మర్నాడు అమ్మాయి ఆపుకుంటూ విని రాస్తుంది, పుస్తకం తెరిచి తనే ఎర్ర పెన్నుతో దిద్దుకుంటుంది. తప్పు పోయిన మాట కుటుంబాల పుస్తకంలోకి ఎక్కుతుంది. పేరాలు నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ నుంచి తీసుకున్నాం. నక్షత్రాల గురించిన పుస్తకం కాబట్టి వయసుకు తగ్గట్టుంది, వాక్యం నిఖార్సైన వాడుక తెలుగు. ‘బుడుగు’నీ నామిని కథల్నీ మాత్రం చదువుకోవడానికే ఉంచాం. ముళ్లపూడి పిల్లాడి పలుకునీ, నామిని చిత్తూరు మాటనీ ఉన్నవి ఉన్నట్టు పట్టుకున్నారు. అదే వాటి అందం. ఉక్తలేఖనానికి పెడితే ఏది తప్పో ఏది యాసో పిల్లలకు తేలదు.

నిఘంటువు కూడా కొనిచ్చేస్తే సరిపోదు, చూడటం నేర్పాలి. మొదటిసారి ‘క్షణం’ కోసం మా అమ్మాయి చివరి పేజీలు తిరగేసింది. వర్ణమాలలో క్ష చివర్న కదా చెప్పాం మరి! అది క కింద, కౌ కూడా అయిపోయాక వస్తుంది. సున్న ఉన్న మాటలు ముందే వచ్చేస్తాయి, ‘కంకణం’ తర్వాతే ‘కక్ష’. ఇక 1885 నాటి శబ్దరత్నాకరంలో ‘పుస్తకం’ అని వెతికితే ‘పుస్తకము’ దగ్గర దొరుకుతుంది. ఈ మూడూ చెప్పాక నన్ను అడగడం తగ్గింది. తొందరగా కావాలంటే ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. టైపు చేసేటప్పుడు మాట పూర్తిచేసి పెట్టే కీబోర్డును మాత్రం తెలుగు సాధన చేసేంతసేపూ పక్కన పెట్టమంటాను. అది తప్పును దిద్దదు, కనబడకుండా చేస్తుంది.

మా చెల్లెలు ఫోన్ చేసి, “ఏ పుస్తకం కొనాలో చెప్పక్కా” అంటుంది. పేరు చెప్పడం ఎంతసేపు? ముందు వాళ్లవాడు రాసినవి నాలుగు పేజీలు పంపమన్నాను. వాడి తప్పులు మా అమ్మాయి తప్పులు కావు కదా. ఇక షాపుకి వెళ్తే అట్టా వెలా చూడకుండా ముందు చివరి పేజీలు తిప్పమన్నాను. జవాబులు లేని పుస్తకం ఎంత మంచిదైనా, దానికి పక్కన పంతులు కావాలి.